ఆ కుర్రవాడు నిర్దోషి అని మీకెవరు చెప్పారు?

(అమెరికాలో ఒక గ్రంథాలయం హాలులో, తెలుగువారి మధ్య, ‘ట్వెల్వ్ యాంగ్రీ మెన్’ సినిమా ప్రదర్శన ముగిశాక చేసిన ప్రసంగం. తండ్రిని చంపాడన్న కేసులో ఒక కుర్రవాడు దోషో కాదో తేల్చడానికి పన్నెండుమంది జ్యూరీ సభ్యులు, అంటే కోర్టు పిలిపించిన మామూలు పౌరులు, ఒక గదిలో కూర్చుని వాదించుకోవడమే దాని కథ. వాళ్ళకు పేర్లు ఉండవు, నంబర్లే. మొదట పదకొండుమంది దోషి అంటే ఎనిమిదో నంబరు ఒక్కడే కాదంటాడు, చివరికి అందరూ ఆయన మాటకే వస్తారు. ఆ సాయంత్రం రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. దీపాలు వేశారు కాబట్టి ఇప్పుడు మీ ముఖాలు కనిపిస్తున్నాయి. నిర్వాహకులు నాకు చాలా పెద్ద విషయం అప్పగించారు, కోర్టు సినిమాలు, జ్యూరీ బాధ్యత అని. నేను లాయరును కాను. ఒకసారి జ్యూరీలో కూర్చున్నాను, ఈ సినిమా చాలాసార్లు చూశాను. నా అర్హత అంతవరకే.

ముందు ఒక పని చేద్దాం. ఆ కుర్రవాడు తండ్రిని చంపలేదు అనుకుంటున్నవాళ్ళు చేతులెత్తండి. అబ్బో, హాలు హాలంతా ఎత్తింది. చంపాడు అనేవాళ్ళు? వెనక వరుసలో ఒక్కరు. ఆ బాబు ధైర్యానికి మెచ్చుకోవాలి. సరే, దించండి.

ఇప్పుడు చెప్పండి. వాడు చంపలేదని సినిమాలో ఎక్కడుంది? ఎవరు చెప్పారు మీకు? అసలు హంతకుడు దొరికాడా? దొరకలేదు. ఎవరైనా వచ్చి నేరం ఒప్పుకున్నారా? అదీ లేదు. ఎనిమిదో నంబరు, అదే ఆ తెల్లకోటు ఆయన, హెన్రీ ఫోండా వేసిన వేషం, ఆయన ఏమన్నాడు? నాకు తెలియదు అన్నాడు. ఒకసారి కాదు, అడిగిన ప్రతిసారీ అదే అన్నాడు. చంపి ఉండొచ్చు కూడా అన్నాడు. మరి మీ అందరికీ అంత కచ్చితంగా ఎలా తెలిసిపోయిందండీ?

ఒక్కొక్కటే చూద్దాం. చాకు. హత్య చేసిన చాకు కుర్రవాడిదే, అలాంటిది ఊళ్ళో ఇంకోటి ఉండదన్నారు. ఈయన అదే వాడలో ఆరు డాలర్లకు అచ్చం అలాంటిదే కొనుక్కొచ్చి బల్లమీద గుచ్చాడు. దానివల్ల ఏం తేలింది? ఇంకొకడి దగ్గర కూడా అలాంటి చాకు ఉండొచ్చని తేలింది. వాడి చాకు కాదని తేలలేదు. కింది ఇంట్లో ఉండే, కుంటుతూ నడిచే ముసలాయన, చప్పుడు విని పదిహేను సెకన్లలో తలుపు దగ్గరకు వచ్చి పారిపోతున్న కుర్రవాణ్ణి చూశానన్నాడు. వీళ్ళు గదిలోనే నడిచి చూస్తే నలభై ఒక్క సెకన్లు పట్టింది. అంటే ఆయన చెప్పింది జరిగి ఉండకపోవచ్చు. పట్టాల అవతలి భవనంలో ఉండే ఆవిడ, వెళ్తున్న రైలు కిటికీల గుండా హత్యను చూశానంది. ఆవిడ ముక్కు మీద కళ్ళజోడు నొక్కులు ఉన్నాయని ఒకాయనకు గుర్తొచ్చింది. పడుకున్న మనిషి కళ్ళజోడు పెట్టుకోదు కదా, మరి ఎలా చూసింది? సరే, ఆవిడ సాక్ష్యమూ పోయింది. మూడూ పోయాయి. పోయాక మిగిలిందేమిటి? ఏమీ మిగల్లేదు. ఏమీ మిగలకపోవడం వేరు, కుర్రవాడు అమాయకుడని తేలడం వేరు. ఈ రెండింటి మధ్య ఉన్న చోటులోనే జ్యూరీలో కూర్చున్న మనిషి బరువంతా మోయాలి. నేను ఇవాళ మాట్లాడదలచుకున్నది ఆ బరువు గురించే.

సినిమా మనల్ని ఆ బరువు నుంచి తప్పించేసింది. ఎలా తప్పించిందో చెబుతాను. 1957లో వచ్చిన సినిమా ఇది. దర్శకుడు సిడ్నీ లూమెట్‌కు మొదటి చలనచిత్రం. రెజినాల్డ్ రోజ్ న్యూయార్క్‌లో ఒక జ్యూరీలో కూర్చుని వచ్చిన అనుభవంతో మొదట టీవీ నాటకంగా రాశారు, అది 1954లో ప్రసారమైంది. కథంతా ఒకే గది. లూమెట్ ఏం చేశారంటే, మొదటి భాగంలో కెమెరాను మనుషుల కంటి మట్టానికి పైన పెట్టారు. తర్వాత కంటి మట్టానికి దించారు. చివరికి ఇంకా కిందికి. దాంతో పైకప్పు కనిపించడం మొదలవుతుంది. లెన్సులు కూడా మార్చుకుంటూ పోయారు, గోడలు దగ్గరికి జరుగుతున్నట్టు ఉంటుంది. మీలో కొందరు చివర్లో మెడ పట్టీ వదులు చేసుకోవడం చూశాను. ఏసీ బాగానే పనిచేస్తోంది మరి!

ఆ కెమెరా మొదటి నుంచీ ఎనిమిదో నంబరు పక్షాన ఉంది. ఆయన కిటికీ దగ్గర నిలబడితే మనమూ నిలబడతాం. ఆయన ఎవరితో వాదిస్తే వాళ్ళు మనకు చెడ్డవాళ్ళు. కాబట్టి ఆయన గెలిస్తే కుర్రవాడు నిర్దోషి అయిపోయాడని మన మనసు లెక్క వేసేస్తుంది. ఇంటికి హాయిగా వెళ్తాం. నిజం జ్యూరీలో ఆ హాయి దొరకదు. అక్కడ కెమెరా ఉండదు. మనలో ఎవరు ఎనిమిదో నంబరో, ఎవరు చివరిదాకా దోషి అని పట్టుబట్టిన ఆ మూడో నంబరో ఎవరూ చెప్పరు. మూడో నంబరు కూడా తాను న్యాయం పక్షాన ఉన్నాననే అనుకుంటున్నాడు కదా?

ఇంకో మాట. లాయర్లకు ఈ సినిమాతో ఒక తగువు ఉంది. ఎనిమిదో నంబరు తనంతట తాను వెళ్ళి ఆ చాకు కొనుక్కురావడం నిజం కోర్టులో తప్పు, పెద్ద తప్పు. విషయం జడ్జికి తెలిస్తే ఆయన్ని పంపించేయవచ్చు, విచారణే రద్దు కావచ్చు. జ్యూరీ సభ్యులు సొంతంగా ఆరా తీయకూడదు, నేరం జరిగిన చోటు చూసి రాకూడదు, ఇప్పటి రోజుల్లో అయితే ఫోనులో వెతకకూడదు. ఎందుకు? కోర్టులో పెట్టిన ప్రతి సాక్ష్యాన్నీ అవతలి పక్షం ప్రశ్నించవచ్చు. మీరు జేబులో పెట్టుకొచ్చిన దాన్ని ఎవరు ప్రశ్నిస్తారు? ఈసారి ముద్దాయికి మేలు జరిగింది కాబట్టి చప్పట్లు కొట్టాం. అదే చాకు కీడు చేసేదైతే?

సరే, ఎనిమిదో నంబరును వదిలేద్దాం. ఆయన గురించి అందరూ మాట్లాడతారు. పదకొండో నంబరును ఎంతమంది గమనించారు? మీసాలాయన, గడియారాలు చేసేవాడు, వేరే దేశం నుంచి వచ్చినవాడు. మాటలో యాస. మనందరికీ ఉన్నట్టే. జార్జ్ వొస్కోవెక్ అనే నటుడు. ఆయన నిజజీవితంలోనూ చెకొస్లొవాకియా నుంచి వచ్చినవాడే. అమెరికాకు ఒకసారి వచ్చినప్పుడు, బయటి దేశాల నుంచి వచ్చేవాళ్ళను తనిఖీ చేసే ఎల్లిస్ దీవిలో నెలల తరబడి నిర్బంధంలో కూడా ఉన్నారు. ఆ మనిషి నోట ఒక మాట పెట్టారు చూడండి. మనకు ముక్కూ ముఖమూ తెలియని ఒక మనిషి దోషో కాదో తేల్చమని మనకు ఉత్తరం వస్తుంది, ఈ తీర్పు వల్ల మనకొచ్చే లాభం లేదు, పోయే నష్టం లేదు, మనం బలంగా ఉండటానికి అదొక కారణం అంటాడు. అక్కడే పుట్టి పెరిగినవాళ్ళు బేస్‌బాల్ టికెట్ల గురించి మాట్లాడుతుంటే, ఆ మాట అనడానికి వలస వచ్చినవాడు కావలసి వచ్చింది.

ఆ టికెట్ల ఆయన, ఏడో నంబరు, ఆట మొదలయ్యే వేళ అవుతోందని ఉన్నట్టుండి ఓటు మార్చేస్తాడు. దోషి కాదు పక్షానికి వచ్చేస్తాడు. ఎనిమిదో నంబరు సంతోషించాలి కదా, ఇంకో ఓటు పెరిగింది. కానీ పదకొండో నంబరు ఊరుకోడు. నువ్వేం మనిషివయ్యా అని నిలదీస్తాడు. దోషి అనుకుంటే దోషి అను, కాదనుకుంటే కాదను, విసుగొచ్చిందని ఓటు మార్చడమేమిటి అని. తన పక్షానికి వచ్చినవాణ్ణే నిలదీశాడు! సినిమా మొత్తంలో నాకు ఇష్టమైన చోటు అది. నా దృష్టిలో చాకు గుచ్చడం కన్నా అది పెద్ద ఘట్టం.

తొందర గురించి ఒక నిజం కథ చెబుతాను. ఈ సినిమా రావడానికి రెండేళ్ళ ముందు, 1955 ఆగస్టులో, ఎమెట్ టిల్ అనే పద్నాలుగేళ్ళ నల్లజాతి పిల్లవాడు షికాగో నుంచి మిసిసిపీలో చుట్టాలింటికి వెళ్ళాడు. దుకాణంలో ఒక తెల్ల స్త్రీతో ఏదో అన్నాడని పిల్లవాణ్ణి ఎత్తుకుపోయి చంపి నదిలో పారేశారు. సెప్టెంబరులో సమ్నర్ అనే ఊళ్ళో విచారణ. జ్యూరీలో పన్నెండుమందీ తెల్ల మగవాళ్ళే. ఈ సినిమాలో కూడా పన్నెండుమందీ తెల్ల మగవాళ్ళే, గమనించారా? అక్కడ జ్యూరీ గదిలోకి వెళ్ళి గంటా ఏడు నిమిషాల్లో బయటికొచ్చింది. ఇద్దరు ముద్దాయిలూ దోషులు కారని చెప్పింది. మధ్యలో సోడా తాగడానికి ఆగకపోతే అంతసేపు కూడా పట్టేది కాదని వాళ్ళలో ఒకడు అన్నాడు. కొన్ని నెలలకు ఆ ఇద్దరూ డబ్బు తీసుకుని ఒక పత్రికకు తామే చంపామని చెప్పుకున్నారు. ఏం చేయగలిగారు? ఏమీ చేయలేకపోయారు. ఒకసారి జ్యూరీ విడిచిపెట్టాక అదే నేరం మీద మళ్ళీ విచారించడానికి వీల్లేదు.

అంటే ఏమిటి? ‘దోషి కాదు’ అనే మాట ఒకటే. దాని వెనక కారణం వంద రకాలుగా ఉండొచ్చు. అనుమానం ఉండొచ్చు, ద్వేషం ఉండొచ్చు, సోడా దాహం ఉండొచ్చు. కారణం చెప్పమని మిమ్మల్ని ఎవరూ అడగరు. అడగకూడదు కూడా. ఈ హక్కు ఊరికే రాలేదు. 1670లో లండన్‌లో విలియం పెన్ మీద, మన పక్కనున్న పెన్సిల్వేనియాకు ఆ పేరు వచ్చింది వాళ్ళ కుటుంబం నుంచే, వీధిలో ప్రార్థన ప్రసంగం చేశాడని కేసు పెట్టారు. జ్యూరీ శిక్షకు ఒప్పుకోలేదు. జడ్జీలు వాళ్ళను తిండీ నీళ్ళూ నిప్పూ లేకుండా గదిలో పెట్టి తాళం వేశారు. అయినా లొంగలేదు. జరిమానా వేశారు, కట్టనివాళ్ళను జైలుకు పంపారు. ఎడ్వర్డ్ బుషెల్ అనే ఆయన పై కోర్టుకు వెళ్ళాడు. ఇచ్చిన తీర్పు కోసం జ్యూరీని శిక్షించకూడదని ప్రధాన న్యాయమూర్తి వాన్ తేల్చారు. అప్పటి నుంచి జ్యూరీ ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు. ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేని చోట మనిషి ఎలా ప్రవర్తిస్తాడు? ఇళ్ళకు వెళ్ళాక ఆలోచించండి, ఇప్పుడు చెప్పమని ఎవరినీ ఇరకాటంలో పెట్టను.

మన దేశం సంగతి. జ్యూరీ అంటే అమెరికా వ్యవహారమని మన పిల్లలు అనుకుంటారు. మద్రాసులో, సెయింట్ జార్జి కోటలో, 1665లోనే జ్యూరీ విచారణ జరిగింది. ఒక దొరసాని మీద, తన బానిస పిల్లను చంపిందని. జ్యూరీ దొరసానిని విడిచిపెట్టింది. ఆశ్చర్యమేమీ లేదు కదా? 1908లో బొంబాయిలో తిలక్ మీద, పత్రికలో రాసిన రాతలకు, రాజద్రోహం కేసు. తొమ్మిదిమంది జ్యూరీ. ఏడుగురు యూరోపియన్లు, ఇద్దరు పార్సీలు. ఏడుగురు దోషి అన్నారు, ఇద్దరు కాదన్నారు. ఓట్లు ఎలా చీలాయో నేను వేరే చెప్పాలా? తిలక్ రాసింది మరాఠీలో, ఆ ఏడుగురికీ అనువాదమే గతి. ఆరేళ్ళు బర్మాలోని మాండలే జైలుకు పంపారు.

ఇక నానావతి కేసు. పెద్దవాళ్ళందరికీ తెలుసు, పిల్లల కోసం చెబుతాను. 1959 ఏప్రిల్‌లో బొంబాయిలో నౌకాదళ కమాండరు నానావతి, తన భార్యకు ప్రేమ్ అహుజా అనే ఆయనతో సంబంధం ఉందని తెలుసుకున్నాడు. భార్యాపిల్లల్ని సినిమా హాలు దగ్గర దింపాడు. ఓడకు వెళ్ళి ఏదో సాకు చెప్పి రివాల్వరు, ఆరు తూటాలు తీసుకున్నాడు. అహుజా పడకగదికి వెళ్ళాడు. మూడు తూటాలు పేలాయి. పెనుగులాటలో పొరపాటున పేలిందని వాదన. అహుజా అప్పుడే స్నానం చేసి వచ్చాడు, నడుముకు తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. పడిపోయాక కూడా ఆ తువ్వాలు ఊడలేదు. ఇద్దరు మగవాళ్ళు రివాల్వరు కోసం పెనుగులాడితే తువ్వాలు నడుముకు అలాగే ఉంటుందా? మీరైతే ఏమంటారు?

బొంబాయి జ్యూరీ ఎనిమిది ఒకటి తేడాతో దోషి కాదంది. తువ్వాలు వాళ్ళకు కనిపించలేదా? కనిపించే ఉంటుంది. కానీ ఒకవైపు యూనిఫాం వేసుకున్న అందగాడు, వంచితుడైన భర్త. బయట పత్రికలు, జనం, అంతా ఆయన పక్షమే. సెషన్స్ జడ్జి మెహతా ఆ తీర్పును ఒప్పుకోలేదు. అప్పటి చట్టం ప్రకారం జడ్జి అలా హైకోర్టుకు పంపవచ్చు, ఇక్కడ అమెరికాలో అది కుదరదు. హైకోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. 1961 నవంబరులో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఆ తీర్పు రాసింది ఎవరనుకుంటున్నారు? మన కోకా సుబ్బారావు గారు. రాజమండ్రి ఆయన, ఆంధ్ర హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తి, తర్వాత భారత ప్రధాన న్యాయమూర్తి కూడా అయ్యారు. పొరపాటున జరిగిందని రుజువు చేయాల్సిన భారం ముద్దాయిదేనని జడ్జి జ్యూరీకి సరిగా వివరించలేదని, ఇంకా కొన్ని విషయాల్లోనూ దారి తప్పించారని ఆ తీర్పులో ఉంది. అంటే తప్పంతా ఆ తొమ్మిదిమందిదే అని కూడా అనలేం.

ఆ కేసు వల్లే మన దేశంలో జ్యూరీ పోయిందని అందరూ అంటారు. పూర్తిగా నిజం కాదు. అంతకు ముందే, 1958లోనే, చట్టాల్లో మార్పులు సూచించే లా కమిషన్ జ్యూరీని తీసేయమని చెప్పింది. చాలా ప్రాంతాల్లో అప్పటికే లేదు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో దాని కథ ముగిసింది. పార్సీల వివాహ కోర్టుల్లో మాత్రం అలాంటి ఏర్పాటు ఒకటి మిగిలింది.

కాబట్టి మనం ఎక్కడి నుంచి వచ్చామో అక్కడ ఈ బరువును సామాన్యుడి నెత్తి నుంచి దించేశారు. ఎక్కడికి వచ్చామో అక్కడ మళ్ళీ ఎత్తారు. జ్యూరీకి రమ్మనే ఆ కోర్టు కాగితం చూడగానే మనం ఏం చేస్తాం? తప్పించుకోవడం ఎలా అని వాట్సాప్ గ్రూపులో అడుగుతాం. నవ్వకండి, నేనూ ఆ గ్రూపులో ఉన్నాను.

నా సంగతి చెప్పమన్నారు. చెబుతాను. తీర్పు అయ్యాక మాట్లాడవచ్చు, కానీ ఊరూ పేరూ చెప్పను. ఒక గిడ్డంగిలో సామాను పోయింది. ఒకాయన మీద కేసు. రాత్రి కాపలాదారు పార్కింగు స్థలానికి అవతలి నుంచి చూశానన్నాడు. దొంగ వేసుకున్నలాంటి కోటు ఈయన ఇంట్లో దొరికింది. ఉన్న సాక్ష్యం ఇంతే.

మా గదిలో ఎనిమిదో నంబరు ఎవరూ లేరు. కళ్ళజోడు నొక్కులు గుర్తొచ్చినవాళ్ళు లేరు. గోధుమరంగు కాగితపు సంచి ఒకటి ఇచ్చారు, మూతికి ఎర్ర టేపు, టేపు మీద ఎవరివో పొడి అక్షరాలు. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని తీశాం. నీలం కోటు. ఎడమ చేతి అంచున దారం ఊడి ఉంది. బల్ల చుట్టూ ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి వెళ్ళింది. నా పక్కనున్న స్కూలు బస్సు డ్రైవరు దాన్ని తిప్పి చూసి, ఇలాంటిది మావాడికీ ఉంది అన్నాడు. మా ఇంట్లోనూ ఉంది. కెమెరా రికార్డింగు ఏమైనా ఉందా అని చీటీ రాసి జడ్జికి పంపాం. అందరినీ లోపలికి పిలిపించి, మీ ముందు పెట్టిందే సాక్ష్యం, దాన్నిబట్టే తేల్చండి అన్నారు.

ఆయనే చేశాడని నా మనసు చెప్పింది. ఇప్పటికీ చెబుతోంది. ఆయన సాక్ష్యం చెప్పలేదు, చెప్పనక్కర్లేదు కూడా, దాన్ని ఆయనకు వ్యతిరేకంగా తీసుకోకూడదని జడ్జి ముందే చెప్పారు. కూర్చున్న తీరు, చూపు, ఏదో నాకు నచ్చలేదు. నాకు నచ్చకపోవడం సాక్ష్యమా? కాగితం మీద ‘దోషి కాదు’ అని రాశాను.

పదవీ విరమణ చేసిన ఒక నర్సు ఉండేది మాలో. చాలా నెమ్మదస్తురాలు. ఆవిడ నన్ను అడిగింది, మనం వదిలేస్తే రేపు ఇంకొకరి కొంపకు వెళ్తాడు, అప్పుడా పాపం ఎవరిది అని. నా దగ్గర జవాబు లేదు. చట్టం చెప్పింది చెప్పగలను, జవాబు చెప్పలేను. చివరికి ఆవిడ కూడా ఒప్పుకుంది, కానీ నా మాటలకు ఒప్పుకోలేదు. కాపలాదారు తనకు సోడియం దీపం పసుపు వెలుగులో కోటు రంగు తెలిసిందన్నాడు, ఆ ఒక్కటి ఆవిడకు మింగుడుపడలేదు. కోర్టులో ఒక్కొక్కరినీ నంబరు పిలిచి ఇది మీ తీర్పేనా అని అడిగారు. గదిలో పన్నెండుమంది మధ్య మాట్లాడటం వేరు. ఆ మనిషి, ఆ గిడ్డంగి యజమాని, ఇద్దరూ చూస్తుండగా లేచి అవును అనడం వేరు.

అనుమానానికి అవకాశం ఉంటే శిక్షించకూడదన్న సూత్రం ముద్దాయి రక్షణ కోసమే పుట్టిందని మనం అనుకుంటాం. యేల్ విశ్వవిద్యాలయ న్యాయ చరిత్రకారుడు జేమ్స్ విట్‌మన్ వాదన వేరు. పాతకాలపు క్రైస్తవులకు తీర్పు చెప్పడమంటేనే భయం, నిరపరాధిని శిక్షిస్తే తమ ఆత్మకే నరకమని. ఆ భయం ఉన్నవాళ్ళకు ఊరటగా ఈ సూత్రం వచ్చిందంటారాయన. అంటే మొదట్లో అది తీర్పు చెప్పేవాడి రక్షణ కోసం! చరిత్రకారులందరూ ఒప్పుకుంటారని కాదు. నాకు మాత్రం ఆ నర్సు గుర్తొస్తుంది. ఆవిడ భయం రెండో వైపుది. ఆ వైపు భయానికి ఏ సూత్రమూ ఊరట ఇవ్వదు.

వేళవుతోంది. పనికొచ్చే మాటలు నాలుగు చెప్పి కూర్చుంటాను. అమెరికా పౌరులు కానివాళ్ళకు జ్యూరీలో చోటు లేదు. కానీ డ్రైవింగ్ లైసెన్సుల జాబితా నుంచి పేర్లు తీసే రాష్ట్రాల్లో హెచ్-1బి వాళ్ళకు, గ్రీన్ కార్డు వాళ్ళకు కూడా ఉత్తరం వస్తుంది. చించి పారేయకండి. పౌరుణ్ణి కాను అన్న గడిలో గుర్తు పెట్టి పంపండి. పొరపాటున పౌరుణ్ణి అని పెట్టారా, ఇమిగ్రేషన్‌లో పెద్ద చిక్కు. పౌరులైనవాళ్ళు, ఇంగ్లీషు రాదన్న గడి జోలికి వెళ్ళకండి. రోజంతా ఇంగ్లీషులో మీటింగులు నడిపేవాళ్ళు ఆ ఒక్కరోజు భాష మరిచిపోవడం బాగుండదు. ఫెడరల్ కోర్టులో, అంటే కేంద్రం కోర్టులో, రోజుకు యాభై డాలర్లు ఇస్తారు. చాలా రాష్ట్రాల్లో ఇంకా తక్కువ. డబ్బు కోసం వెళ్ళే పని కాదులెండి. ఫెడరల్ జ్యూరీకి వెళ్ళారని ఉద్యోగం తీసేయడానికి వీల్లేదు, చట్టం ఉంది.

అందరూ ఒప్పుకుంటేనే శిక్ష అనే నియమం లూసియానాలో, ఒరెగాన్‌లో మొన్నమొన్నటిదాకా లేదు. చాలా పెద్ద కేసుల్లో కూడా పదిమంది సరిపోయేవారు. 2020లో అమెరికా సుప్రీంకోర్టు కుదరదంది. అంటే ఇప్పుడు ఏ రాష్ట్రంలోనైనా పెద్ద క్రిమినల్ కేసు మీ ఒక్క ఓటు మీద ఆగుతుంది.

ఎంపిక రోజున మిమ్మల్ని ప్రశ్నలు అడుగుతారు. పోలీసు చెప్పిన మాటను మామూలు మనిషి మాట కన్నా ఎక్కువ నమ్ముతారా అని తప్పక అడుగుతారు. మనలో చాలామంది నమ్ముతాం, పోలీసంటే భయమూ ఉంది. ఉంటే ఉందని లేచి చెప్పండి. ఆ గదిలో అబద్ధం చెప్పి లోపలికి వెళ్ళడం కన్నా, నిజం చెప్పి ఇంటికి వెళ్ళడం మేలు. సమన్లు వచ్చి ఏం రాయాలో తెలియనివాళ్ళు కాగితం తెచ్చుకుని ఉంటే, నేను ఆ తలుపు పక్క బల్ల దగ్గరే ఉంటాను. కలిసి నింపుదాం. సాకులు రాసిపెట్టమని మాత్రం అడగకండి.